తోడు

అటక మీద ఎండబెట్టిన ఈస్ట్‌ని ఎలుకలు మిగల్చలేదు.
వోస్‌లో ఆ పాత రకం ఇంకొక్క ఇంట్లోనే ఉంది.

కంచె తగాదాతో పదకొండేళ్లు మాటల్లేని
తూర్లైవ్ గడప తొక్కింది గుడ్‌వేగ్.
"మీ అమ్మ మా అమ్మమ్మ దగ్గర పట్టుకెళ్లిందే, అదే.
కాస్త తోడు కావాలి."
అతను పలకలేదు.
చెక్క కడియం దించి
ఎండిన పొరల్ని గోటితో గీకి కాగితంలో పోశాడు.

జునిపర్ రెమ్మలు మరిగిన నీళ్లు, మాల్ట్ తీపి.
థర్మామీటరుంది. అయినా మోచెయ్యి ముంచింది
పసిపిల్ల స్నానానికి చూసినట్టు.
ముప్పైతొమ్మిది.
తెల్లారేసరికి పీపా గొణుగుతోంది.

సీసాకి అరచెంచా పంచదార, పైన మూత.
ఇరవైనాలుగు నింపి
ఇరవైమూడే లోపల పెట్టుకుంది.

కంచె గుంజ మీద ఒకటి,
చీటీలో పెన్సిల్ రాత:
పదిహేను రోజులు ఆగు.