కొసరు పండు

టోలిచౌకి ఫ్లైఓవర్ కింద
నాది అరటిపండ్ల బండి.
ఒక చక్రం ఎప్పుడూ అలుగుతది.
ఇటుక పెట్టి సముదాయిస్త.

శుక్రవారం పొద్దుగాల హోదన్ వస్తది.
నిలువెత్తు పిల్ల, ఫార్మసీ కాలేజీ సంచి.
'మూస్' అంటది.
మా గల్లీ అంతా 'మౌజ్' అంటది.
నడుమ గంత సముద్రముందట,
మాట మాత్రం తడవకుండ వచ్చింది.

డజను తీస్కొని పైన ఒకటి కొసరడుగుతది.
'పదమూడు కంచాలు కుర్మమ్మా' అని
పది వేళ్లు తనయి చూపిస్తది,
చాలని మూడు నా చేతిల నుంచి అప్పు తీస్కుంటది.

మొదట్ల నవ్విన.
మాంసం కూరన్నంల అరటిపండా?
ఒక బుక్క, ఒక కొరుకుడు,
కారం ఎక్కినకాడ తీపి తోటి తుడుసుకునుడా?
రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది:
మా అవ్వ సల్లబువ్వల మక్కిన పండు పిసికి
నా నోట్ల పెట్టేది.
అప్పుడు మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలే.

ఒకపారి పైకి తీస్కపోయింది.
మూడో అంతస్తు, లిఫ్టు ఖరాబు.
పెనం మీద హవాష్ వేగుతున్నది.
ధనియాలు, జీలకర్ర, మిరియాలు, యాలకులు,
అన్నీ మన డబ్బల దినుసులే,
అయినా అత్తగారింటికి పోయొచ్చిన పిల్లలెక్క
వాసన కొంచెం వేరే మాట్లాడ్తున్నది.

పులిసిన పిండి తోటి అంజేరో పోసింది.
తిప్పెయ్యదు.
ఒక దిక్కే కాల్తది,
ఇంకో దిక్కు వెయ్యి కండ్లు తెరుసుకొని చూస్తది.
దాని మీద నువ్వుల నూనె, చక్కెర,
ఆపైన చాయ్ గుమ్మరిచ్చి నానబెట్టింది.
నేను ఉప్పడిగిన.
బొబ్బర్ల గుగ్గిళ్ల లెక్కున్న అంబూలోకు కూడ చక్కెరే!
ఆఖరికి పచ్చిమిర్చి నూరిన బస్బాస్
నాలికకు తగిలినంక
హమ్మయ్య, మా పాలమూరు కనపడ్డది.

వాళ్లది మెర్కా అట, సముద్రం ఒడ్డున.
తాత ఓడలకు గెలలు మోసేటోడట.
భుజం మీది అంగీకి అరటి జిగురు మరక,
ఎన్ని ఉతుకులకూ పోలేదట.
నేను నా కొంగు చూపిన.
చాయ్ చల్లారేదాక ఇద్దరం ఏం మాట్లాడలే.
తర్వాత నేనే అడిగిన,
సముద్రమంటే గండిపేట నిండినట్టుంటదా అని.
ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక
గిన్నెల గంటె జారేసుకున్నది.

పోయిన శుక్రవారం
'డజనే' అన్నది.
వేళ్లు ఎత్తలే.
అప్పటికే కొసరు తెంపి పట్టుకున్న నేను.
ఎవరు పోయిండ్రు, ఇంటికా, ఇంకెక్కడికా,
అడుగుదునా వద్దా అనుకునేలోపట
ట్రాఫిక్ పోలీసు సీటీ కొట్టిండు.
బండి నూకుకుంట పోయిన.
ఇటుక అక్కడ్నే ఉండిపోయింది.

పగటీలి డబ్బ విప్పి
వంకాయ కూర కలుపుకొని
ఒక బుక్క, ఒక కొరుకుడు.
ఉప్పు తక్కువయింది.
తప్పు వంకాయది,
పండుది కాదు.