గీత ఉన్న టీవీ

వూంపిని నా కొట్టుకొచ్చి
తలగుడ్డ విప్పి బల్ల మీద పరిచింది.
రెండు ముళ్ళున్నాయి దానికి.
"ఈ ముడి నుంచి ఆ ముడి దాకా గోడ.
అది దాటితే కిటికీ,
కిటికీ మూస్తే పొయ్యి పొగ నా కళ్ళలోకే."

టేపు పెట్టాను.
అరవై అయిదు అంగుళాలది పడుతుంది,
నాలుగు వేళ్ళ సందు మిగులుతుంది.
పాలపొడి డబ్బా బోర్లించింది:
రెండువేల రెండువందల సెడీలు,
ప్రతి నోటుకీ షియా వెన్న వాసన.

పందెం ఆటల రాత్రులు
తన కూటి పాక ఖాళీ అవుతోందట.
కుర్రాళ్ళు సగం గిన్నె వదిలేసి
మంగలి ఫుసేని కొత్త టీవీ ముందుకి పరుగు.
"తిండి నాది, చూపు వాడిదా!"

టమాలేలో పాత టీవీలు విప్పి బిగించడం నా పని.
యాకుబు దొడ్డికి తీసుకెళ్ళాను.
తెమా రేవు నుంచి లారీలో వచ్చినవి,
ఎవరెవరి ఇళ్ళలోనో చూపులు తిని అలిసిపోయినవి.

కొట్టు వెలుగులో ఏదైనా అందగత్తే.
సంతలో గొడ్డుకి పళ్ళు చూడాలి,
టీవీకి తెలుపు చూడాలి, నలుపు చూడాలి,
అరగంట నడిపి వీపు మీద అరచెయ్యి ఆనించాలి.

ఒకదానికి మూల మీద ధర చీటీ ఉంది.
గోటితో లేపాను.
కింద సిరా ఒలికినట్టు మచ్చ.
యాకుబు ఆకాశం కేసి చూశాడు.

ఇంకొకటి నిక్షేపంగా ఉంది,
ఎడమ పక్క మాత్రం పైనుంచి కిందికి
వెంట్రుకంత పచ్చ గీత.
"అది పోదు," అన్నాను, "పెరిగే రకమూ కాదులే."
రెండువేల నాలుగువందలన్నాడు.
రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాక
పంతొమ్మిది వందలకి దిగాడు.

మిగిలిన మూడువందలకీ స్టెబిలైజరు కొనమన్నాను.
ఆమె డబ్బా గుండెకి హత్తుకుంది.
"ఏనుగును కొని
అంకుశం దగ్గర బేరమాడతావా?"
నన్ను తిట్టుకుంటూనే కొంది.

నిలబెట్టే తీసుకెళ్ళాలి, పడుకోబెడితే అద్దం పగులుతుంది.
మూడు చక్రాల బండిలో
టీవీ నిలబడింది, దాన్ని కావలించుకుని వూంపిని నిలబడింది.
గుంత వచ్చిన ప్రతిసారీ
డ్రైవరు తల్లినీ తండ్రినీ తలుచుకుంది.

హర్మటాన్ గాలి మొదలయ్యాక
ఊరంతా పిండి చల్లినట్టు ధూళి.
చెప్పాల్సింది చెప్పాను:
నీళ్ళు చిమ్మకు. సబ్బు వద్దు.
పాత నూలు గుడ్డ, పొడిది, పిల్ల మొహం తుడిచినంత మెల్లగా.
వెలుగు సగానికి తగ్గించు, సగం పెట్టినది రెట్టింపు బతుకుతుంది.
వెనక చిల్లులకి దోమతెర కట్టు,
బల్లి దూరితే అదీ పోతుంది, బోర్డూ పోతుంది.
పొయ్యి సంగతి మాత్రం చెప్పడం మరిచాను.
తనే జరుపుకుంది, గోడకి అవతలి వైపు.

జనవరిలో ఒక రాత్రి
పెనాల్టీ కొట్టబోతుండగా కరెంటు పోయింది.
పోయినది నిశ్శబ్దంగా పోయింది,
వచ్చినది తన్నుకుంటూ వచ్చింది.
వూంపిని స్టెబిలైజరు 'టప్' మని చచ్చింది,
మూడు సెడీల ఫ్యూజు.
వీధికి అవతల ఫుసేని కొత్త టీవీ
సన్నగా పొగ వదిలింది.
మర్నాడు దాన్ని నా కొట్టుకి తెచ్చాడు.
నేనేమీ అనలేదు.
ఒకరి పొగే నా పొయ్యి.

ఇప్పుడు రెండో ఏడు.
కింది ఎడమ మూల కాస్త మసకబారింది,
లోపలి దీపాల పట్టీ ఒకటి మార్చాను.
చేతిలో డబ్బాడుతోంది కదా, గీత కూడా తీయించుకుంటావేమో అనుకున్నాను.
ఆ తెరకయ్యే ఖర్చుతో ఇంకో టీవీ వస్తుందని చెప్పబోయేలోగా
"దాని జోలికెళ్ళావంటే చెయ్యి విరుగుతుంది" అంది.

అప్పుడు గమనించాను కూర్చున్నవాళ్ళని.
గీతకి కుడి వైపు బల్లలు రొక్కం ఇచ్చినవాళ్ళవి.
ఎడమ వైపు, బంతి గీతలో పడి
ఒక రెప్పపాటు మాయమయ్యే వైపు,
ఖాతా వాళ్ళు.

మూడు గిన్నెల బాకీ ఉంది నాకు.
ఏమీ మాట్లాడకుండా
ఎడమ వైపు చోటు వెతుక్కున్నాను.