గేజి పుస్తకం

పొద్దున ఆరింటికి వంతెన కిందికి దిగుతాను.
కొయ్య పలక మీద తెల్ల అంకెలు.
నీళ్ళు ఏ అంకెను తాకితే ఆ అంకె రాయాలి.
ఇవాళ దేన్నీ తాకలేదు.
"సున్నాకి కింద" అని రాసి
తేదీ వేసి పెన్ను మూత పెట్టాను.

నాకు ముందు మా అమ్మ ఐవీ రాసేది.
ఆమెకు ముందు పోస్టాఫీసు దొర,
ఆయనకు ముందు ఇంకో దొర.
మొత్తం పదకొండు పుస్తకాలు,
చెదలు తిన్నవి పోను తొమ్మిది.
ఊరి చరిత్ర అడిగిన వాళ్ళని
ఇసుకరాతి కోర్టుకి తీసుకెళ్తారు, జైలు చూపిస్తారు,
ఒకప్పుడు పదమూడు సారాకొట్లుండేవని నవ్వుతారు.
నన్నడిగితే అంకెలు చదువుతాను.

ముప్పై ఒక్క అడుగులు:
రొట్టెల బట్టీలోకి చేపలొచ్చిన ఏడు.

పద్నాలుగు:
ఉన్ని బేళ్ళు ఇంటెత్తు పేర్చుకుని ఆవిరి పడవలు.
వంతెన నడుము గొలుసుల మీద పైకి లేచేది,
కింద నుంచి పొగగొట్టం మెల్లగా దూరేది.
ఇప్పుడా గొలుసుల్లో పిచ్చుకలు.

రెండడుగులు:
"ప్రూడెన్స్" అనే పడవ మలుపులో కూరుకుపోయింది.
మళ్ళీ తేలడానికి మూడేళ్ళు.
సరంగు డెక్కు మీద గుమ్మడిపాదు పెట్టాడు.
వంటవాడు ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు.
నీళ్ళొచ్చి పడవ కూత వేస్తే
అతను గిన్నెలు తోముతూనే ఉన్నాడట.

ఏరు మోయనన్న ఏడాది ఒంటెలు మోశాయి.
వాటి వెనకాల మా ముత్తాత, బలూచీ వాడు, దర్యాఖాన్.
దర్యా అంటే వాళ్ళ భాషలో ఏరేనట.
రేకులు కొట్టి మసీదు కట్టుకున్నాడు,
నలుగురు నిలబడితే ఐదోవాడు ఎండలో.
మా ముత్తవ్వని అడిగాడు, దీని పేరేంటని.
"బాకా" అంది.
మ్యాపులో డార్లింగ్ అని ఉంటుంది.
చిన్నప్పుడు ముద్దుపేరనుకున్నాను,
ఎవరో గవర్నరు ఇంటిపేరు.

ఏడున్నర అడుగులు. అది గురువారం.
ముత్తవ్వ చెల్లెళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ
పోలీసు లారీ ఎక్కించి ఎక్కడో మిషన్‌లో దింపిన రోజు.
పుస్తకంలో చివర "విశేషాలు" అని గడి ఉంటుంది.
ఆ రోజు గడిలో దొర చక్కటి దస్తూరీ:
"ఆకాశం నిర్మలం."

పుస్తకం మొదలవక ముందటి అంకెలు
గట్టు మీది ఆల్చిప్పల కుప్పల్లో ఉన్నాయి.
ఎర్ర గమ్ చెట్టు వంటి మీద
మనిషి పొడుగు మచ్చ ఉంది,
పడవ కోసం బెరడు ఒలిచిన చోటు.
చుట్టూ తోలు పెరిగింది గానీ గాయం మూసుకోలేదు.
ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్ళు
ఎక్కడైనా ఉంటారు.
తెప్ప మచ్చ మిగిల్చి
ఏరునే ఎత్తుకుపోయిన వాళ్ళని నేనిక్కడే చూశాను.

ఎగువన పత్తి. చెరువంత మడుగులు, పంపులు.
కాయితాల మీద నీళ్ళు అమ్ముడవుతాయి,
కొన్న పెద్దమనిషి కాలు తడవదు.
మొన్న వేసవిలో మూడు రోజులు
చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి.
నాకంటే పెద్ద వయసు కాడ్ చేపని
నలుగురు కుర్రాళ్ళు దుప్పట్లో మోసుకొచ్చారు,
ఎవరికి అప్పగించాలో తెలీక
పోలీసు స్టేషన్ మెట్ల మీద పెట్టారు.

సిడ్నీ నుంచి ఉత్తరం వచ్చింది.
ఇక ఉపగ్రహం చదువుతుందట, నేను రానక్కర్లేదట.
మంచిదే. నా మోకాళ్ళకి ఆ మెట్లు కష్టం.

అయినా ఇవాళ దిగాను.
పలక దాటి ఇంకా కిందికి, ఏటి నడుమకి.
ముత్తవ్వ తీసే చోటే, వంపు లోపలి ఇసుకలో
కూర్చుని చెలమ తవ్వాను.
మణికట్టు దాకా పొడి.
మోచేతి దగ్గర ఇసుక చల్లబడింది,
కాసేపటికి గోళ్ళ కింద చెమ్మ,
ఇంకాసేపటికి ఒక పుడిసెడు, బురదగా.

పైకొచ్చి పుస్తకం మళ్ళీ తెరిచాను.
సున్నాకి కింద, అదలాగే ఉంచాను.
విశేషాల గడిలో రాశాను:
"మోచేతి లోతున ఉంది."