షిఫ్టు అప్పగింత

ఆరు కావడానికి ఇంకా ఏడు నిమిషాలు.
ఓలెసున్ ఆసుపత్రి కింద, కిటికీ లేని గదిలో
టూరున్ అప్పగింత నోటు రాస్తోంది.

రాత్రి వచ్చిన అలర్టులు నాలుగు వందల పన్నెండు.
నాలుగు వందల పది ఉత్తివే.
ఒకటి, ప్రసూతి వార్డు ప్రింటరు
పాస్‌వర్డు మరిచిపోయి తెల్లార్లూ తలుపు బాదడం.
ఇంకొకటి ఏమిటో తెలియదు.
తెలియదు అని రాయడానికి
ఆమెకు పదకొండేళ్లు పట్టింది.

కన్నం వేసేవాడికి ఒక్క రాత్రి కలిసొస్తే చాలు,
కాపలా ఉన్నవాళ్లకి ప్రతి రాత్రీ కలిసిరావాలి.
ఆ లెక్క ఆమె దవడలో ఇరుక్కుపోయింది.
నిద్రలో పళ్లు నూరకుండా
డెంటిస్టు ప్లాస్టిక్ తొడుగు ఇచ్చాడు,
అదీ కొరికేసింది.
ఇంట్లో ఓవెన్ బీప్ మంటే
వేళ్లు డైనింగ్ టేబుల్ మీద కీబోర్డు వెతుక్కుంటాయి.
"అమ్మా, రొట్టె అయింది" అంటుంది కూతురు.
"ఏ సర్వరు?" అంటుంది తను.

ఫిబ్రవరిలో ఒకటి జారిపోయింది.
ఉత్తిదే అని నొక్కిన వేలు ఎవరిదో లాగ్‌లో ఉంది.
పంతొమ్మిది గంటలు స్కానింగు యంత్రాలు కళ్లు మూసుకున్నాయి.
ఎవరూ చనిపోలేదు.
ఆ మాట ఆమెకి ఎంతమంది ఎన్నిసార్లు చెప్పారంటే
చనిపోయి ఉండగలిగినవాళ్లు
రాత్రుళ్లు ఒక్కొక్కరే వచ్చి
మంచం అంచున కూర్చోవడం మొదలుపెట్టారు.

పగటి షిఫ్టు ఐవిన్ సలహాలివ్వడు.
ఒక శనివారం రేవుకి తీసుకెళ్లి
వాళ్ల పెదనాన్న వలలు బాగుచేసే షెడ్డులో
ఒక బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాడు.
యూస్టైన్ తల ఎత్తలేదు.
"ఇన్ని కన్నాలు" అంది టూరున్, ఏదో ఒకటి అనాలని.
"వలంటేనే కన్నాలు" అన్నాడాయన,
"అన్నీ మూసేస్తే అది గోనెసంచి.
నీళ్లు నిండి పడవనే లాగేస్తుంది."

బాగానే ఉంది. అయినా ఆ మాటతో ఏమీ తగ్గలేదు.
మాటతో తగ్గే జబ్బు కాదిది,
మందులున్నాయి, మంగళవారాల్లో ఒక డాక్టరుంది.
కానీ నాలుగు కొట్టగానే
ఇంకా చేతి పొడవు చిరుగు మిగిలుండగా
సూది అక్కడే దారంతో సహా వదిలి
టోపీ పెట్టుకుని ఆయన వెళ్లిపోయాడు.
వెనక్కి చూడలేదు.
టూరున్ ఆ వీపుని
చాలాసేపు చూసింది.

ఆరు.
ఐవిన్ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.
"ఒకటి మిగిలింది" అంది, "నీదే ఇక."
డ్యూటీ ఫోను అతని చేతిలో పెట్టింది.
ఆ ఫోను బరువెంతో
వదిలాకే చేతికి తెలిసింది.

బయట వాన.
పార్కింగులో ఎవరిదో కారు అలారం మోగుతోంది.
ఆగింది. విన్నది.
నాది కాదు, అనుకుంది.
నాలుగడుగులు వేసి మళ్లీ ఆగి
నాది కాదు, అని ఈసారి పైకే అంది,
వానలో, నార్వేజియన్‌లో, కొంచెం గట్టిగా.