ఎవరిదండీ?

మార్గశిరంలో మూఢం పడింది.
నెలన్నరపాటు ముహూర్తాల్లేవు.
అంబాజీపేటలో మా టెంట్ హౌస్ గోడౌన్‌లో
ఎర్ర కుర్చీలు ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుని
కునుకుతున్నాయి.

"ఖాళీగా ఉంటే గుంజలకి చెద పడుద్ది,
మనుషులకీ అంతే," అన్నాడు గొల్లబ్బాయి.
"మారేడుమిల్లి పోదాం. అడివిలో, కొండమీద,
మన టెంట్‌లో మనమే పడుకుందాం."

ఎవరం నవ్వలేదు.
ఇరవై రెండేళ్ళుగా టెంట్లు వేస్తున్నాం,
ఒక్క రాత్రీ, ఒక్కదాని కిందా
మాకోసం మేం నడుం వాల్చలేదు.

బిల్లు పుస్తకం వెనక అట్టమీద రాస్తున్నాను:
ఏడుగురం. టాటా ఏస్. డీజిల్ తలా కాస్తా.
ఫారెస్టోళ్ళ పర్మిషన్, పక్కనో ప్రశ్నార్థకం.
తాడు కొనక్కర్లేదు, కొబ్బరి పీచు మన ఊరిదే.

"మరి మేకు ఎలా దిగుద్దండీ?" ఏసుపాదం అడిగాడు.
పెన్ను అక్కడే ఆగిపోయింది.
ఇక్కడ మేకంటే రెండు దెబ్బలు,
మూడోదానికి తలకాయ కూడా కనపడదు.
కొబ్బరితోటలో, కోసిన చేలో, కాలవగట్టు మీద
నేల ఎప్పుడూ కాదనలేదు.
రాయి కాదంటే ఏం చెయ్యాలో
మాలో ఒక్కడికీ తెలీదు.
"ఇసక బస్తాలు కట్టుకెళదాం," అన్నాడు పల్లాలు.
కొండకి ఇసక మొయ్యడం!
దాన్ని కిందికి దింపడానికి
గోదారికి ఎన్నేళ్ళు పట్టిందో.

వంట మస్తాన్‌ది.
"మూడొందల మందికైతే కళ్ళు మూసుకుని చెప్తాను.
ఏడుగురికి ఉప్పెంతో
మా ఆవిడ్ని అడగాలి."

వీరవేణి కుట్టుమిషన్ మీంచి తలెత్తింది.
"నీళ్ళెక్కడ?"
తలుపు తీస్తే కాలవ, రెండు మూరలు తవ్వితే ఊట,
వానొస్తే వాకిలే చెరువు.
నీళ్ళని వెతుక్కోవాల్సిన చోటు ఒకటుంటుందని
ఆవిడ అడిగేదాకా మాకు తోచలేదు.
"వాగుంటాదంట."
"ఎక్కడ?"
"పల్లంలో."
"అంటే ఎక్కి రావాలి. బిందెతో."
మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.
బిందెలు అని రాసిందాన్ని కొట్టేసి
మూత డబ్బాలు అని దిద్దాను.

ఇంక ఏ టెంటూ అన్నది.
గోడౌన్‌లో ఉన్నవి రెండే రకాలు:
ఎరుపూ పసుపూ పువ్వులది పెళ్ళిళ్ళకి,
తెల్లది పోయినోళ్ళకి.
పువ్వులదాంట్లో నిద్ర పట్టదన్నాడు మస్తాన్,
చెవుల్లో సన్నాయి మోగుతుందట.
తెల్లదాని పేరు ఎవరూ ఎత్తలేదు.
దాని మడతల్నిండా అగరొత్తుల వాసన.
ఏసుపాదం వాళ్ళ నాన్నకి వేసిందీ అదే.
ఆవేళ మేకులు తనే కొట్టాడు.
వద్దంటున్నా అద్దె కట్టాడు.

వీరవేణి ఏమీ అనలేదు.
రెంటిలోంచీ ఎలకలు కొట్టిన అంచులు తీసేసి
మంచి ముక్కలు ఒకదానికొకటి అంటించి
మూడ్రోజులు మిషన్ తొక్కింది.

నాలుగోనాటి సాయంత్రం
సార్వా కోసిన చేలో వేసి చూశాం.
దుబ్బులు వీపుకి గుచ్చుకోకుండా గడ్డి పరిచాం.
కొండని ఊహించుకోండ్రా అంటూ
గొల్లబ్బాయి తలాపువైపు ఇటకలు పేర్చాడు.
కాసేపటికి ఏడుగురం కాళ్ళవైపు జారిపోయి
పల్లాలు మీద పడ్డాం.
మంచు దిగుతోంది. పక్క చేలో కప్ప ఒకటి
ఆగి ఆగి ఏదో లెక్కపెడుతోంది.

గట్టుమీద సైకిలాగింది. పాల క్యాన్లు గలగలమన్నాయి.
"ఎవరిదండీ?"

ఇన్నేళ్ళూ విన్న ప్రశ్నే.
ఎవరి పెళ్ళి, ఎవరి కర్మ, ఏ ఇంటివాళ్ళది.
ఎప్పుడు చెప్పినా ఇంకొకరి ఇంటిపేరే.

గుడ్డ ఎత్తి తల బయటపెట్టి
ఏసుపాదం అన్నాడు, "మాదేనండి.
ఆయ్, మాదే."

సైకిలతను ఎరుపు చూశాడు, తెలుపు చూశాడు,
గొంతు తగ్గించాడు.
"ఏమైందండీ?"

"ఏం కాలేదండి. పడుకున్నాం."

లోపల మస్తాన్ గిన్నె మూత తీశాడు.
ఏడుగురి కూరలో
ఊరంతటికీ సరిపడా ఉప్పు.