పేజీ పదిహేడు

వంశధార గాలికి సున్నం గీతలు చెదిరేలోగా
గుణుపురం గ్రౌండులో బల్ల వేసుకుని
పద్దు రాస్తాను. క్లబ్బు డబ్బుల డబ్బా నా కాడే.

ఇఫేయాని, పూరీ పాసింజరు దిగినవాడు:
ఆటకి ఎనిమిది వేలు, ఆరు కోడిగుడ్లు,
లాడ్జీలో ఫ్యానున్న గది.
ఐజాక్ రయితా, పుట్టాసింగి కొండ దిగినవాడు:
ఆటకి రెండొందలు. ఉప్మా.
గెలిస్తే కప్పుతో పాటు మేకపోతు.
తొడ ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

మొన్న టీ బడ్డీ కాడ, వచ్చీరాని హిందీలో
ఇఫేయాని చెప్పుకొచ్చాడు:
వాడి వీధి కుర్రాడొకడు చైనా వెళ్ళాడట.
యూరప్ ఏడాదంతా లెక్కెట్టి ఇచ్చేది
అక్కడ రెండు నెలలకే పోసేశారట,
ఇల్లు, కారు,
మాట తిప్పి చెప్పడానికో మనిషి.
ఓ పొద్దున్న వెళ్తే క్లబ్బే లేదు.
గేటుకి తాళం, గోడ మీద వాడి నిలువెత్తు బొమ్మ,
నాలుగు నెలల బాకీ.

"మరి యూరప్పో?"
"గీసి గీసి బేరమాడతారు.
ఒకటో తారీకుకి ఇచ్చేస్తారు."

ఐజాక్ టీలో బన్ను ముంచుకుంటూ విన్నాడు.
తాళం అన్నకాడ నవ్వాడు,
నా వైపు చూడకుండా.

పోయినేటి దసరా టోర్నీ, పేజీ పదిహేడు:
ఐజాక్, మూడు ఆటలు, ఆరొందలు.
పక్కన నా దస్తూరీయే, "తర్వాత."

ఇవాళ సెమీస్. విజిల్ పడింది.
బల్లకాలికి కట్టిన మేకపోతు
పుస్తకం అట్ట నాకుతోంది.
దాని మూతి తోసి
డబ్బా బోర్లించి లెక్కపెట్టాను.
ఐదొందల యాభై.

ఆ యాభై
ఇఫేయానినే అడగాలి.