తీగ తప్పిన చోట

ఉలాన్‌బాతర్. తెల్లవారి అయిదున్నర.
మైనస్ ముప్పై నాలుగు.
నా ట్రాలీబస్సు శాంతి వీధి మలుపులో
ఉలిక్కిపడి ఆగిపోయింది.
పైన కొమ్ములు రెండూ తీగ వదిలేశాయి.
దీపాలు పోయాయి. హీటరు పోయింది.
వెనక సీట్లోంచి ఎవరో "ఇంక అయినట్టే" అన్నారు.

అప్పుడు విన్నాను.

దానికి ముందు ఒక మాట చెప్పాలి.
త్సెవెల్మా అంటే నాకు పందొమ్మిదేళ్ళు.
రొట్టెకి రేషను కార్డు,
రొట్టె అయిపోయాక కూడా కదలని వరస,
ఆ వరసలో బదామ్‌గరవ్ కోటు లోపలినుంచి
నా కోటు లోపలికి మారిన క్యాసెట్.
పేరు లేదు దాని మీద. ఊదా సిరాతో ఒక గీత.
ఆవిడ పాడేది కాదు, అరిచేది.
డ్రమ్ముల మీద పడి, గిటార్ల మీద పడి,
కొత్తగా తెరిచిన నోరు ఎంత పెద్దదో
కొలుచుకుంటున్నట్టు.
మేమూ అంతే. ఆ చలికాలం
ఊరు ఊరంతా గొంతు బొంగురుపోయి తిరిగాం.

టేపు వదులైతే పెన్సిలు దూర్చి తిప్పాను.
తెగితే గోళ్ళరంగుతో అతికించాను.
రెండో పాట చివర ఒకచోట
'హ్' అని చిన్న కుదుపు.
టేపు అక్కడ ముడతపడిందనుకున్నాను,
ముప్పై ఏళ్ళు.

తర్వాత ఆవిడ జాడ లేదు.
దార్‌ఖాన్‌లో కాపురమన్నారు, గొంతు పోయిందన్నారు.
కనుక్కునే తీరిక నాకూ లేదు:
ఒక పెళ్ళి, ఒక విడాకులు, ఒక పిల్ల, ఈ రూటు.

కిందటేడు కొత్త పాటలొచ్చాయని
మా నోమిన్‌జుల్ ఫోనులో పెట్టింది.
డ్రమ్ముల్లేవు. గిటారు లేదు.
గుర్రం తల చెక్కిన ఫిడేలొకటి
ఎక్కడో దూరంగా చలికి ముడుచుకున్నట్టు.
దీర్ఘగీతమట. మందల వెంట తిరిగేవాళ్ళు
కొండకీ కొండకీ మధ్య ఆరేసే పాట.
నాలుగు మాటలకి ఏడు నిమిషాలు.
ఒక్క అచ్చు పట్టుకుంటే వదలదే!
"ఆపెయ్" అన్నాను, "ముసలిదైపోయింది."
పిల్ల నావైపు చూసి ఊరుకుంది.
ఆ ఊరుకోవడం వారం రోజులు గుచ్చుకుంది.

నేను మారేటప్పుడు ఆవిణ్ణి అడిగానా?
సభల్లో అరిచిన ఈ నోటితోనే
స్టాపుల పేర్లు చదువుతున్నాను, రోజుకి పద్నాలుగు ట్రిప్పులు.
ఆవిడ మాత్రం ఆ ఊదా గీత కింద
పందొమ్మిదేళ్ళ నాకు కాపలాగా
నిలబడే ఉండాలి కాబోలు.

సరే, బస్సు ఆగింది.
మోటారు మూలుగు ఆగితే గానీ తెలియదు
ఎంతసేపటినుంచి మూలుగుతోందో.
మూడో వరసలో, రాత్రి కాపలా దిగి వస్తున్న ముసలాయన,
ఒళ్ళో ఫోను.
ఆవిడే. అదే పాట.
నాలుగు మాటల్లో రెండోది
మంచు మీద సాయంత్రపు నీడలా సాగుతోంది,
సాగి, సాగి, ఇంక తెగుతుందనుకున్న చోట

'హ్'.

తొడుగులో సగం దూరిన చెయ్యి అలాగే ఉండిపోయింది.
ఊపిరి.
టేపుది కాదు, ఆవిడది.
అంత అరుపు కింద, అన్ని డ్రమ్ముల కింద
ఈ పాట అప్పుడే వచ్చి కూర్చుంది,
మా గోల అయిపోయేదాకా
చేతులు ఒళ్ళో పెట్టుకుని.

దిగి వెనక్కి వెళ్ళాను.
తాళ్ళు పట్టుకుని కొమ్ముల్ని పైకి వదిలాను.
ఒకటి పట్టింది. రెండోది మూడుసార్లు తప్పింది.
ఆ పొగలో తీగ కనబడదు; చేత్తోనే వినాలి.
నీలంగా ఒక మెరుపు రాలింది.
దీపాలు వెలిగాయి. మోటారు మూలుగందుకుంది.
అందులో ఆవిడ మునిగిపోయింది.

"తాతా, కాస్త పెద్దది చెయ్యి" అన్నాను.
"ఇంతకన్నా పెరగదు" అన్నాడు.
"నువ్వే మెల్లగా పోనీ."

పోనిచ్చాను.